రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేశారా మాస్టారూ?

"నెట్ రావట్లేదండీ" అని ఫోన్ చేసినవాడికి ఈ దేశంలో దొరికే జవాబు ఒక్కటే. రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేశారా సార్? చేశామంటే మళ్లీ చెయ్యమంటారు. మళ్లీ చేశామంటే, ఈసారి ఆఫ్ చేశాక అయిదు నిమిషాలు ఆగమంటారు. ఆ అయిదు నిమిషాల్లో ఫోన్ కట్టయిపోతుంది. తిరిగి చేస్తే ఇంకెవరో ఎత్తుతారు. వాళ్లూ అక్కడి నుంచే మొదలుపెడతారు. ఈ ఒక్క ప్రశ్న కనిపెట్టిన మహానుభావుడికి మన కంపెనీలన్నీ చందాలేసుకుని గుడి కట్టించాలి. పైసా ఖర్చు లేకుండా, ఒక్క మనిషి కుర్చీలోంచి లేవకుండా, ఇన్ని ఫిర్యాదులు తీర్చేసిన మంత్రం ఇంకొకటి లేదు.

మాది కోరుకొండ. రాజమహేంద్రవరం నుంచి గోకవరం వెళ్లే రోడ్డు మీద, నరసింహస్వామి కొండ కింద ఊరు. ఇంత విడమరిచి చెప్పడానికి కారణముంది. ఊరి పేరు చెప్పగానే కాల్ సెంటర్ వారు "సైనిక్ స్కూల్ ఉన్న కోరుకొండేనా సార్" అంటారు. అది విజయనగరం జిల్లా కోరుకొండ. కాదండీ, మాది తూర్పు గోదావరి అనేలోగా ఫిర్యాదు అటు బయల్దేరిపోతుంది. అక్కడి కుర్రాడు లేని వీధిలో లేని ఇల్లు వెతికి, "కస్టమర్ అందుబాటులో లేరు" అని రాసి మూసేస్తాడు. పాపం, అతను రాసింది అక్షరాలా నిజం.

రాజమండ్రి విమానాశ్రయం అని లోకమంతా అంటుంది గానీ, అది ఉన్న మధురపూడి మా కోరుకొండ మండలంలోదే. 2024 డిసెంబరు నుంచి ముంబయి, ఢిల్లీ విమానాలు కూడా నేరుగా ఇక్కడ వాలుతున్నాయి. అంత బరువు పెట్టుకుని, అంత దూరం నుంచి వచ్చి, చెప్పిన టైముకి కాస్త అటూ ఇటూగా దిగిపోతున్నాయి. 1500 బైట్ల డేటా ప్యాకెట్ మాత్రం మా ఇంట్లో దిగదు. వాతావరణం అనుకూలించలేదని కూడా ఎవరూ చెప్పరు.

నాది ఏ కంపెనీ అంటారా? పేరు రాయను. ఒక్కరి పేరు రాస్తే మిగిలినవాళ్లు తమ పేరెందుకు రాలేదని నొచ్చుకుంటారు.

మిగతా ఇళ్లకీ మా ఇంటికీ ఒక తేడా ఉంది. కంపెనీవాళ్లు గోడకు బిగించిన తెల్ల డబ్బాకీ, ఇంట్లో ఫోన్లకీ మధ్య నేనొక పాత డెస్క్‌టాప్ పెట్టాను. రెండు లాన్ కార్డులు, లోపల డెబియన్ లినక్స్. బయటి నుంచి వచ్చింది ఒక కార్డులో దిగి, రెండో కార్డులోంచి ఇంట్లోకి పోవాలి. కంపెనీ ఇచ్చిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యేదీ ఈ పెట్టే. తెల్ల డబ్బాకు దీపాలున్నాయి గానీ జ్ఞాపకం లేదు. కరెంటు తీసి పెడితే అంతకు ముందు ఏం జరిగిందో అలాంటి డబ్బాల్లో చాలావాటికి గుర్తుండదు. లినక్స్ పెట్టె అలా కాదు. లైను ఎప్పుడు పోయింది, ఎప్పుడొచ్చింది, పోయేముందు అవతలి నుంచి ఎన్ని పలకరింపులకు జవాబు రాలేదు, అన్నీ గంట, నిమిషం, సెకనుతో సహా రాసుకుంటుంది. కరెంటు పోయినా డిస్కు మీది రాత పోదు.

తంటా అక్కడే వచ్చింది. ఇన్నాళ్లూ కస్టమర్ అంటే ఉత్త నోటిమాట. "సాయంత్రం చాలాసేపు రాలేదండీ" అంటాడు. ఎన్నింటికి పోయింది సార్, ఎన్నిసార్లు పోయింది సార్ అని అడిగితే నీళ్లు నములుతాడు. ఇప్పుడు ఇంట్లో ఓ సాక్షి తయారైంది. అది నిద్రపోదు, మొహమాటపడదు, టీ తాగి వెళ్లమంటే మాట మార్చదు. ఆఫ్ చేసి ఆన్ చెయ్యమనడంలోని మర్మం అప్పుడు బోధపడింది నాకు. అది వైద్యం కాదు. నేరం జరిగిన గదిని పోలీసులు రాకముందే కడిగించడం.

లైను చూడ్డానికి వచ్చిన కుర్రాడు నా పెట్టెను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇదేంటండి మాస్టారూ, మధ్యలో?"

"లినక్స్, అబ్బాయ్."

"అదేనండి ప్రాబ్లెం. ఇది తీసేసి విండోస్ పెట్టించుకోండి, అంతా సెట్టయిపోద్ది."

ఆ మాట చెబుతూ అతను చేతిలో పట్టుకున్న ఆండ్రాయిడ్ ఫోను నడిచేది లినక్స్ కెర్నెల్ మీద. గోడకు వేలాడే తెల్ల డబ్బాల్లో కూడా చాలావాటి లోపల తిరిగేది లినక్సే. 1991 ఆగస్టులో ఫిన్లాండు కుర్రాడు లైనస్ టోర్వాల్డ్స్, సరదాకి ఓ ఆపరేటింగ్ సిస్టం రాస్తున్నానని నలుగురికీ చెప్పాడు. ఆ సరదా ఇవాళ ప్రపంచంలోని సర్వర్లలో అధికభాగాన్ని నడుపుతోంది. అది పనికిరానిది కోరుకొండలో మా వీధికి ఒక్కదానికే.

ఆ అబ్బాయిని అనడానికి నోరు రాదు. అతని జీతమెంతో, అతని కింద ఎన్ని ఊళ్లున్నాయో, పెట్రోలు ఎవరు పోయించుకుంటారో చూస్తే అతనూ మనలాంటి బాధితుడే. అతనికి నేర్పిన రెండో వాక్యం "పైనుంచే రావట్లేదండి". పైన అంటే ఎక్కడ? రాజమండ్రిలోనా, విజయవాడలోనా, హైదరాబాదులోనా? ఆ పైన ఎవరున్నారో అతనికీ చెప్పలేదు. వేదాంతులు కూడా ఇంత ధైర్యంగా పైకి చెయ్యి చూపించరు.

సరే, పైవాడి మీదికి పోయేముందు ఇంటి సంగతి చూసుకోవాలి కదా. తప్పు ఎక్కడుందో పట్టుకోవడం పెద్ద విద్యేం కాదు. దగ్గరి నుంచి దూరానికి ఒక్కొక్కరినే పిలిచి, ఎవరు పలకలేదో చూడాలి. 1983 డిసెంబరులో మైక్ మ్యూస్ అనే అమెరికన్ సైనిక ప్రయోగశాల ఉద్యోగి, తన నెట్‌వర్క్‌లో ఏదో తేడాగా ఉందని, ఒక్క రాత్రిలో పింగ్ అనే చిన్న ప్రోగ్రాం రాశాడు. "ఉన్నావా?" అని అడుగుతుంది, "ఉన్నాను" అనే జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో వచ్చిందో కొలుస్తుంది. అంతే. ముందు తెల్ల డబ్బాను పిలవాలి. తర్వాత కంపెనీవారి మొదటి మజిలీని. ఆ తర్వాత బయటి ప్రపంచంలో ఎవరినైనా. డబ్బా పలికి, మొదటి మజిలీ పలక్కపోతే నేరం మన ప్రహరీ దాటాక జరిగినట్టు. మొదటి మజిలీ పలికి బయటివాళ్లు పలక్కపోతే కంపెనీ గడప దాటాక జరిగినట్టు. మూడూ పలికి పేర్లు మాత్రం దొరక్కపోతే అది సైట్ల పేర్లను నంబర్లుగా మార్చే డీఎన్‌ఎస్ గొడవ. ఈ మూడు ముక్కలు కాల్ సెంటర్లో నేర్పడానికి ఒక మధ్యాహ్నం పడుతుంది. నేర్పరు. నేర్పితే మొదటి ప్రశ్నకు పని లేకుండా పోతుంది.

న్యాయంగా మన వైపు నేరాలు కూడా ఉంటాయి. డబ్బాకీ పెట్టెకీ మధ్య ఉన్న లాన్ కేబుల్లో ఎనిమిది తీగలుంటాయి. ఎలుక కొరికో, క్లిప్పు వదులయ్యో ఒక జత తెగితే గిగాబిట్ లైను చప్పుడు చెయ్యకుండా 100 మెగాబిట్లకు దిగిపోతుంది, లేదా లేస్తూ పడుతూ ఉంటుంది. లినక్స్ ఆ మాట కూడా దాచకుండా రాస్తుంది. కేబుల్ మారిస్తే సరిపోయే కేసు అది. ఇంకో కేసుంది, మహా తమాషా అయినది. సినిమా పాటలన్నీ వస్తాయి, బ్యాంకు సైటు మాత్రం తెల్ల కాగితంలా నిలబడిపోతుంది. ఈథర్నెట్ ప్యాకెట్టుకు 1500 బైట్లు చోటుంటే, లాగిన్ చేయించే పీపీపీఓఈ తన సామానుకు 8 బైట్లు పట్టుకుంటుంది. మిగిలేది 1492. అవతలివాడు 1500 పట్టే పెద్ద మూట పంపుతాడు. "ఇది పట్టదు, తగ్గించు" అనే కబురును దారిలో ఎవరో భద్రత పేరుతో ఆపేస్తే, అతను అదే మూట మళ్లీ మళ్లీ పంపుతూనే ఉంటాడు. మన పెట్టెలో టీసీపీ మూటల సైజును దారికి తగ్గట్టు బిగించే నియమం ఒక్కటి రాస్తే తీరిపోయే రోగం. దీనికి కంపెనీ చెప్పిన నిదానం: "ఆ బ్యాంకువాళ్ల సైటే పనిచెయ్యట్లేదు సార్." బ్యాంకువాళ్లను అడిగితే "మీ నెట్ సరిగా లేదండి". ఇద్దరూ ఎంత మర్యాదస్తులో, ఎదుటివాడి పేరే ముందు చెబుతారు.

ఇక వీధిలోకి వద్దాం. ఫైబరు లోపల నడిచేది వెలుగు. డబ్బా దగ్గరికొచ్చేసరికి అది ఎంత మిగిలిందో డీబీఎంలలో చెబుతారు. మన ఇళ్లకు వచ్చే జీపాన్ రకం ఫైబరు లైన్లలో సాధారణంగా మైనస్ 27 దాకా డబ్బాకు చూపు ఆనుతుంది. అది దాటితే ఎర్ర దీపం. ప్రతి 3 డెసిబెల్స్‌కీ వెలుగు సగమైపోతుంది. అంటే మైనస్ 26 దగ్గర వేలాడే లైను గాలికి బతికి, గాలికి చస్తుంది. స్తంభం దగ్గర ఓ జాయింటు, దానికి చుట్టిన క్యారీబ్యాగు, వంగకూడని చోట వంగిన తీగ, వాటి మీద ఊయలలూగే కొండ కోతులు. వచ్చిన కుర్రాడి దగ్గర పవర్ మీటరుంటుంది. పెట్టి చూస్తాడు. "ఎంతుందయ్యా?" అంటే "పర్లేదండి" అంటాడు. అది ఏ కొలమానమో ఏ ప్రమాణాల్లోనూ దొరకదు.

స్తంభాల మీద తీగలాగడంలోనే తప్పుందనను. 2016 చివర్లో కోనసీమలోని మోరి గ్రామానికి ఇంటింటికీ ఫైబరు తెచ్చి చూపించారు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు నెట్, టీవీ, ఫోను మూడూ అన్నారు. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా వేల కిలోమీటర్ల తీగ లాగడం అందులోని తెలివి. ఖర్చు తగ్గింది, ఊళ్లు తొందరగా అందాయి. నా గొడవకీ ఆ సంస్థకీ సంబంధం లేదు. నా బాధ తర్వాతి కథ గురించి. ఇప్పుడు ఏ సెంటర్లో చూసినా ఒక్కో స్తంభానికి పది రకాల తీగలు. బతికున్నవేవో చచ్చినవేవో కట్టినవాడికే తెలియదు. కొత్తది కట్టడానికి మనిషి వస్తాడు, పాతది విప్పడానికి రాడు. కోతల తర్వాత ఎత్తుగా గడ్డి వేసుకున్న ట్రాక్టరు ఆ కిందికి జారిన తీగల గుండా వెళ్లిందంటే వీధి వీధంతా సన్యాసం పుచ్చుకుంటుంది. భూమిలో వేసినవాటికి ఇంకో యముడున్నాడు, జేసీబీ. అందుకనే కేంద్రం 2023 మార్చిలో తవ్వే ముందు చెప్పండని "కాల్ బిఫోర్ యూ డిగ్" అనే యాప్ పెట్టింది. ప్రధానమంత్రి స్వయంగా ప్రారంభించారు. యాప్ బాగానే ఉంది. కాలవ గట్టున జేసీబీ తోలేవాడికి ఆ కబురు చేరాలంటే ముందు అతని ఫోన్లో నెట్ రావాలి.

అన్నిటికన్నా అందమైనది సాయంత్రం ఏడు దాటాక వచ్చే రోగం. వెలుగు బాగుంటుంది, లాగిన్ నిలబడే ఉంటుంది, దీపాలన్నీ పచ్చగా నవ్వుతుంటాయి. ఏ పేజీ తెరుచుకోదు. డెల్టాలో కాలవ శివారు రైతుని అడిగితే ఈ రోగం పేరు చెబుతాడు. హెడ్ స్లూయిస్ దగ్గర నీళ్లు నిండుగానే వదులుతారు. పైవాళ్ల చేలు తడిసి, మధ్యవాళ్ల చేలు తడిసి, తూములకు కన్నాలు పడి, శివారుకొచ్చేసరికి తేమ మిగులుతుంది. రికార్డులో మాత్రం ఆ ఆయకట్టుకు నీరిచ్చినట్టే. జీపాన్‌లో ఒక దారానికి సుమారు 2.5 గిగాబిట్లు. దాన్ని 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. అదైనా నయమే. ఆ వీధులన్నీ కలిసి పైకి పోయే గొట్టం ఎంత లావో ఎవరికీ చెప్పరు. ఇంటికి 100 మెగాబిట్ల చొప్పున అమ్మిన చోట, అందరూ ఒకేసారి టీవీ ముందు కూర్చుంటే ఎంత వస్తుందో ఐదో తరగతి పిల్లాడు భాగహారం చేసి చెప్పేస్తాడు.

అప్పుడు కంపెనీ స్పీడ్ టెస్టు చెయ్యమంటుంది. చేస్తే 98 వస్తుంది. చూశారా సార్, మా వైపు అంతా క్లియర్. ఆ టెస్టు సర్వరు ఎక్కడుందో చూశాను, వాళ్ల నెట్‌వర్క్ లోపలే ఉంది. శివారు చేనుకు నీళ్లొచ్చాయా అని అడిగితే హెడ్ స్లూయిస్ దగ్గర కొలత కర్ర పాతి లోతు చూపిస్తున్నారన్నమాట.

దీనికి వాళ్ల దగ్గర మందుంది. "300 ప్లాన్‌కి మారండి సార్." అది మందు కాదు, రోగాన్ని ఇంకా ఎక్కువ ధరకు కొనమనడం. వీడియో కాల్ తడబడటం చాలాసార్లు వేగానికి సంబంధించింది కాదు, ఆలస్యానికి సంబంధించింది. మధ్యలో ఉన్న యంత్రాల్లో క్యూలు మితిమీరి పెరిగిపోతే, ఒకరు ఫొటోలు ఎక్కిస్తున్నంతసేపూ మిగిలినవాళ్ల మాటలు ఆ క్యూలో చిక్కుకుపోతాయి. జిమ్ గెటిస్ దీనికి పదిహేనేళ్ల కిందటే బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టి లోకానికి చూపించాడు. 2012 నుంచి లినక్స్‌లో దీనికి విరుగుడు ఉంది, ఎఫ్‌క్యూ కోడెల్ అని. 2018లో కేక్ అని ఇంకా మెరుగైనది చేరింది. లైను అసలు వేగానికి కొంచెం తక్కువగా కట్టడి పెడితే మన ఇంటి వైపు క్యూ మన చేతిలో ఉంటుంది. ఉచితం. అందుకే దాని గురించి ఏ సేల్స్ అబ్బాయీ చెప్పడు.

ఇంతకీ బ్రాడ్‌బ్యాండ్ అంటే ఎంత? ప్రభుత్వం లెక్క చూస్తే రక్తపోటు తగ్గుతుంది. 2004 విధానంలో సెకనుకు 256 కిలోబిట్లుంటే బ్రాడ్‌బ్యాండే. 2013లో దాన్ని 512 చేశారు. 2023 జనవరిలో ధైర్యం చేసి 2 మెగాబిట్లు చేశారు. కాబట్టి 100 అని అమ్మి 2 ఇచ్చినా, చట్టం ముందు అది బ్రాడ్‌బ్యాండే, దానికి దండం పెట్టాల్సిందే.

చట్టంలో మంచి మాటలు లేవని కాదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006లోనే బ్రాడ్‌బ్యాండ్ నాణ్యతకు నిబంధనలు రాసింది. ప్యాకెట్ల నష్టం 1 శాతం లోపు ఉండాలంది. నూటికి తొంభై ఫిర్యాదులు మర్నాటి పనిదినానికి బాగవ్వాలంది. మూడు పనిదినాలు దాటితే అద్దెలో తగ్గింపు ఇవ్వాలంది. 2024 అక్టోబరు 1 నుంచి కొత్త నిబంధనలొచ్చాయి. ఒక జిల్లాలో 24 గంటలకు మించి సేవ ఆగిపోతే కస్టమర్లకు తగ్గింపు ఇవ్వాలన్నారు. బాగుంది. అయితే నా ఇల్లు జిల్లా కాదు. ఇక ఫిర్యాదు రికార్డుల సంగతి. కుర్రాడు గేటు దగ్గర బండి స్టాండు వెయ్యకముందే "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి" అని ఎస్సెమ్మెస్ వస్తుంది. మూసేసిన ఫిర్యాదు ఆలస్యమైన ఫిర్యాదు కాదు. నిబంధన బతికింది, గణాంకం బతికింది, చచ్చింది లైను ఒక్కటే.

ట్రాయ్‌కి రాద్దామా? విడివిడి వ్యక్తుల ఫిర్యాదులు తాము విచారించమని ట్రాయ్ చెబుతుంది. 2012 నిబంధనల ప్రకారం ముందు కంపెనీ ఫిర్యాదుల కేంద్రానికి వెళ్లాలి, అక్కడ న్యాయం జరక్కపోతే అప్పీలు చేసుకోవాలి. అప్పీలు ఎవరికి? ఆ కంపెనీయే నియమించిన అప్పిలేట్ అథారిటీకి. తీర్పుకు గడువు 39 రోజులు. అల్లుడి మీద ఫిర్యాదుంటే వియ్యంకుడి దగ్గర పంచాయతీ పెట్టుకోమన్నట్టుంది గానీ, వియ్యంకుడికైనా ఊళ్లో పరువు భయం ఉంటుంది.

వినియోగదారుల కోర్టుకు పోదామన్నా కొన్నాళ్లు దారి మూసుకుపోయింది. 2009లో సుప్రీంకోర్టు, టెలిఫోన్ తగాదాలు పాత టెలిగ్రాఫ్ చట్టం ప్రకారం మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలని ఒక కేసులో చెప్పింది. కంపెనీలు ఆ తీర్పును తాయెత్తులా కట్టుకు తిరిగాయి. 2022 ఫిబ్రవరిలో వొడాఫోన్ ఐడియా కేసులో అదే సుప్రీంకోర్టు, వినియోగదారుల కమిషన్లు ఈ ఫిర్యాదులు వినొచ్చని స్పష్టం చేసింది. తాయెత్తు తెగింది. ఆ శబ్దం ఇంకా మన ఊళ్లదాకా రాలేదు.

అక్కడ నా పాత పెట్టెకు గౌరవం దక్కుతుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం, కంప్యూటర్ రికార్డును సాక్ష్యంగా ఇవ్వాలంటే ఒక ధ్రువపత్రం జతచెయ్యాలి. అందులో ఆ ఫైలుకు వేలిముద్రలాంటి హాష్ విలువ రాయాలి. ఎస్‌హెచ్‌ఏ 256 అనే పేరు ఆ ఫారంలో అచ్చై ఉంది. లినక్స్‌లో అది తీయడానికి ఒక్క ఆదేశం చాలు, టీ చల్లారేలోగా వస్తుంది. నిపుణుడి సంతకం కూడా ఒకటి కావాలి, అది వేరే తిప్పట. అయినా "సాయంత్రం చాలాసేపు రాలేదండీ" అన్నవాడి కన్నా, ఏ తేదీన ఏ సెకనుకు లైను తెగిందో ముద్రించి తెచ్చినవాడి మాట బరువుగా ఉంటుంది.

కాబట్టి అయ్యా, అమ్మా, డబ్బా ముట్టుకునే ముందు దీపాల ఫొటో తీసుకోండి. ఫిర్యాదు చేసిన ప్రతిసారీ డాకెట్ నంబరు అడిగి రాసుకోండి. పరిష్కారమైందని వచ్చిన ఎస్సెమ్మెస్‌లు చెరపకండి, వాళ్ల మీద వాళ్లే ఇచ్చుకుంటున్న వాంగ్మూలాలవి. పింగ్ ఫలితాలు పేపరు మీదికి తెచ్చుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి, తేలకపోతే మా జిల్లా వినియోగదారుల కమిషన్ రాజమహేంద్రవరంలో ఉంది. మీరు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు లేకపోయినా మీ కేసు మీరే చెప్పుకోవచ్చు. అంతదూరం తిరగలేనంటే ఈ-జాగృతి పోర్టల్లో ఇంట్లో కూర్చునే ఫిర్యాదు దాఖలు చెయ్యొచ్చు, నెట్ ఉన్న రోజు చూసుకుని.